తమ్ముడు సెట్ చేసిపెట్టిన టీవీ

సిరిసిల్లలో సాంచాలున్న ఇంట్లో టీవీని చూడటమే తప్ప వినడం ఉండదు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. మా ముందు గదంతా అవే. పొద్దున మొదలైతే కరెంటు పోయేదాకా వాటి చప్పుడు ఆగదు. వెనక గదిలో టీవీ ఎంత గొంతు చించుకున్నా దాని ఆటలు సాగేవి కావు. సీరియల్లో ఎవరు ఎవర్ని తిడుతున్నారో మా అత్తమ్మ వాళ్ళ పెదాల కదలిక చూసి ఊహించుకునేది. నిజం చెప్పాలంటే ఆమె ఊహించుకున్న కథే అసలు కథకన్నా బాగుండేది.

నాకు సీరియళ్ళు పట్టేవి కావు. సాంచాలకు నూలు కండెలు చుడుతూ, వార్తల చానల్ పెట్టుకొని, తెర కింద పరుగెత్తే అక్షరాలు చదివేదాన్ని. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఇవాళ ఎక్కడ బంద్, ఎక్కడ రాస్తారోకో, ఎవరిని అరెస్టు చేశారు, అన్నీ ఆ అక్షరాల్లోనే వచ్చేవి. నేను చదివి గట్టిగా అరిచి చెబితే మా ఆయన సాంచాల మధ్య నుంచి విన్నానన్నట్టు చెయ్యి ఊపేవాడు. ఆ ఇంటికి వార్తలు చెప్పేది నేనే. ఆ గొప్ప కొంచెం ఉండేది నాకు.

అప్పుడప్పుడు ఆ అక్షరాల్లో ఒక పిల్లవాడి ఊరి పేరు వచ్చేది, రాష్ట్రం కోసం ప్రాణం తీసుకున్నాడని. 'కరీంనగర్ జిల్లా' అని మొదలైతే చాలు, నా చేతులు ఆగిపోయేవి. ఏ ఊరో, ఎవరో తెలిసేదాకా మళ్ళీ కండె ముట్టేదాన్ని కాదు. మా తమ్ముడు హైదరాబాదులో యూనివర్సిటీ హాస్టల్లో ఉండి పీజీ చదువుతున్నాడు.

తమ్ముడంటే నాకు తమ్ముడు మాత్రమే కాదు. మాది కోరుట్ల. అమ్మ పోయేనాటికి వాడికి అన్నం కలుపుకోవడం కూడా రాదు. నేను బడికి పోయే పిల్లను. బాపు పొద్దున్నే పనికి పోతే మళ్ళీ పొద్దుగూకాకే రావడం. వాడికి తలదువ్వింది నేను, బడిలో వేసింది నేను, జ్వరమొస్తే పక్కన కూర్చుంది నేను. నా పెళ్ళై సిరిసిల్ల వస్తుంటే వాడు బండి వెనకాల పరుగెత్తాడు. జగిత్యాలలో డిగ్రీ చదివేటప్పుడు సెలవు దొరికితే కోరుట్లకు కాకుండా ముందు నా దగ్గరికే వచ్చేవాడు. 'నీ కొడుకు అచ్చిండే' అనేది మా అత్తమ్మ.

వాడు హైదరాబాదు పోయేనాడు నేను వాడితో ఒట్టు పెట్టించుకున్నాను. మా దగ్గర ఒట్టంటే ఉత్తమాట కాదు. ఎవరి నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేస్తామో, అది తప్పితే వాళ్ళకే తగులుతుందంటారు. వాడి చెయ్యి పట్టుకొని నా నెత్తి మీద పెట్టుకున్నాను.

"'ఉద్యమంల ముందట వడను' అను."

"అక్కా, గిదేందే? అందరు పోంగ నేనొక్కన్నే రూంల కూసుండాల్నా?"

"మీటింగులకు పో, జై కొట్టు, వద్దంటలేను. ముందట వడొద్దు. అను."

అన్నాడు. అన్నాక చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. నేను మనసులో నిమ్మళపడ్డాను.

నేనేమీ ఇంట్లో కూర్చొనే మనిషిని కాను. మా వాడకట్టు ఆడవాళ్ళందరం వంతులవారీగా దీక్షా టెంటులో కూర్చునేవాళ్ళం. పొద్దున దండలు వేసి కూర్చోబెడతారు, సాయంత్రం నిమ్మరసం తాగించి లేపుతారు. మా వంతు వచ్చిందంటే నేనే ముందు. రోడ్డు మీద వంటావార్పు చేసిన రోజు గంటె నా చేతిలోనే ఉంది. నేను పోవచ్చు, వాడు పోవద్దు. ఇందులో తప్పేముందో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

ఆ రోజుల్లోనే కేబులాయన మా గల్లీలో కొత్త బాక్సులు పెట్టడం మొదలుపెట్టాడు. బొమ్మ అద్దంలా కనిపిస్తుందని చెప్పాడు. మా ఆయన ఆ ఊపులో టీవీ కూడా కొత్తది తెచ్చాడు. తెచ్చి అట్టపెట్టె విప్పకుండా పక్కన పెట్టాడు. "నీ తమ్ముడు అస్తున్నడట, వాడే బిగిస్తడు" అన్నాడు. అది నాకు సంతోషంగా అనిపించింది. నా తమ్ముడి చదువు నా అత్తింట్లో పనికొస్తోందని మురిసిపోయాను.

వాడు వచ్చాడు. గడ్డం పెంచాడు, కొంచెం నల్లబడ్డాడు. సంచిలోంచి పొడుగాటి రిమోట్ ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. "టీవీకొకటి, బాక్సుకొకటి, రెండు రిమోట్లతోటి అత్తమ్మ ఆగమైతది. గిది అన్నిటికి ఒక్కటే. నీకోసం తెచ్చిన" అన్నాడు. ఆ మాట 'నీకోసం' అని వాడు ఎట్లా అన్నాడో ఇప్పటికీ నా చెవిలో ఉంది.

నేల మీద బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. ముందు బాక్సుకు వెనకాల వైర్లు పెట్టాడు. కేబులు తీగ కొసను పళ్ళతో చీలుస్తుంటే నేను తిట్టాను. తరవాత కొత్త రిమోట్‌తో వచ్చిన కాగితం ముందేసుకొని, టీవీ కంపెనీకి ఏ నంబరో వెతికి, ఒక మీట గట్టిగా పట్టుకొని ఎర్రలైటు వెలిగేదాకా ఆగి, నంబరు కొట్టాడు. టీవీ ఉలకలేదు. ఇంకో నంబరు. గొంతు పెరిగింది కానీ చానల్ మారలేదు. ఇంకోటి. ఈసారి టీవీ దానంతట అదే ఆరిపోయింది. అత్తమ్మ "ఖరాబైందా బిడ్డా?" అని మొత్తుకుంటే అందరం నవ్వాం. చివరికి ఒక నంబరు కుదిరింది. తరవాత బాక్సు వంతు. బాక్సుతో వచ్చిన చిన్న రిమోట్‌ను కొత్త రిమోట్‌కు ఎదురుబొదురు పెట్టి, దీని మీట నొక్కి, దాని మీట నొక్కి, ఒక్కొక్కటే నేర్పించాడు. చిన్నప్పుడు నేను వాడికి పలక మీద అక్షరాలు దిద్దించినట్టే ఓపికగా చేశాడు.

"అత్తమ్మా, నీకేం గావాలె?"

"దేవుని పాటలు, సీరియళ్ళు."

"అయిపాయె. అక్కా, నీకు?"

"నాకేం గావాల్నో నీకు ఎర్కలేదా? వార్తలు."

వాడు తెరవైపే చూస్తూ చాలాసేపు మీటలు నొక్కాడు. సీరియళ్ళు వచ్చాయి, పాటలు వచ్చాయి, జంతువుల చానల్ వచ్చింది. వార్తలు రాలేదు. నంబరు కొడితే లేదన్న మాటే తెర మీదికొచ్చింది.

"వార్తలన్ని బంద్ వెట్టిచ్చినట్టున్నరక్కా. ఉద్యమం సూపిస్తున్నరని పైనుంచి ఒత్తిడేమో. బాక్సు అచ్చినంక అంతా వాళ్ళ చేతులనే గదా" అన్నాడు.

నేను ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. ఎందుకు అనుమానిస్తాను? ఆ రోజుల్లో మా దగ్గర కరెంటు పోయినా, బస్సు రాకపోయినా, నల్లా బందైనా ఉద్యమాన్ని తొక్కడానికేనని అనుకునేవాళ్ళం. సగం సార్లు నిజమే కూడా. "చూసినవా, మన కండ్లకు గంతలు గడుతున్నరు" అని నేనే అందుకున్నాను. మా ఆయన అవునని తలూపాడు. టీవీతో, బాక్సుతో వచ్చిన రిమోట్లు రెండూ తమ్ముడు ప్లాస్టిక్ కవరులో చుట్టి బావ చేతికి ఇచ్చాడు, ఆయన వాటిని బీరువా మీద పడేశాడు. తెల్లారి వాడు హైదరాబాదు బస్సెక్కాడు. పోయేముందు ఎందుకో నా కాళ్ళు మొక్కబోయాడు. పండుగా పబ్బమా అని కసిరాను.

తరవాత రోజుల్లో ఇంటికి పేపరు రావడం కూడా ఆగింది. పేపరేసే అతను సమ్మెలో ఉన్నాడన్నాడు మా ఆయన. పక్కింటికి పోతే నన్ను చూడగానే ఎవరో ఒకరు చానల్ మార్చేవాళ్ళు. 'వీళ్ళకూ వార్తలు రావట్లేదు పాపం, పాటలు పెట్టుకుంటున్నారు' అనుకున్నాను. ఎంత తెలివో నాది.

తమ్ముడికి మాత్రం రోజూ పొద్దుగూకినాక ఫోన్ చేసేదాన్ని. గొంతు రోజురోజుకూ సన్నబడుతూ వచ్చింది.

"ఏమైందిరా?"

"జలుబక్కా."

"తిన్నవా?"

"తిన్న."

"ఏం గూర?"

"బీరకాయ."

మరునాడు అడిగితే "చింతచిగురు పప్పు" అనేవాడు. ఆ మరునాడు "కోడిగుడ్డు పులుసు". హాస్టల్లో ఈమధ్య బాగానే పెడుతున్నారనుకొని నా మనసు చల్లబడేది. కూర పేరు చెప్పాడంటే బిడ్డ కడుపు నిండినట్టే కదా.

వార్తలు లేక నాకు పిచ్చెక్కింది. ఏం జరుగుతోందో తెలియక కండెలు చుట్టబుద్ధి కాదు. ఒకరోజు టెంటులో మా వంతు వచ్చినప్పుడు లేచి నిలబడ్డాను. "ఈ కేబులాయన అమ్ముడువోయిండు. మన వార్తలు మనకు రానిస్తలేడు. నడువుండ్రి, అందరం వోయి అడుగుదాం" అన్నాను. ఒక్కరూ లేవలేదు. నిన్నటిదాకా నా వెనక జై కొట్టిన ఆడవాళ్ళు చీర కొంగులు సర్దుకుంటూ నేల చూపులు చూశారు. ఒకామె నా చెయ్యి పట్టి, "ఊకో చెల్లె, రేపు పోదాం" అంది. ఇంత పిరికివాళ్ళా మీరు అని చెయ్యి విదిలించుకొని ఒక్కదాన్నే పోయాను.

కేబులాయన దుకాణం బస్టాండు దారిలో. వాకిట్లోనే మొదలుపెట్టాను. ఎవరికి అమ్ముడుపోయావన్నాను, తెలంగాణ గాలి పీల్చుకుంటూ తెలంగాణ గొంతు నొక్కుతావా అన్నాను. దారిన పోయేవాళ్ళు ఆగారు. ఆయన పాపం మధ్యవయసు మనిషి, తలుపు దగ్గర రెండు చేతులు జోడించి నిలబడ్డాడు.

"అక్కా, జర లోపటికి రా. నువ్వే చూడు."

లోపల గోడ మీద టీవీ. వార్తలు వస్తున్నాయి. ఆయన చానల్ మార్చాడు. ఇంకో వార్తల చానల్. ఇంకోటి. అన్నీ ఉన్నాయి.

"ఊరంత అస్తున్నయక్కా. ఎవ్వలింట్ల బందుగాలే. మీయింట్ల బాక్సు మీ తమ్ముడే సెట్ జేసిండట గదా, బాక్సుతోటి అచ్చిన రిమోట్‌ల ఒక మీటుంటది..."

ఆయన మాట అక్కడే ఆగింది. నేను వినడం లేదని తెలిసింది. తెర మీద యూనివర్సిటీ. చెట్ల కింద టెంటు. ఆమరణ దీక్షలో ఉన్న విద్యార్థులు, వరసగా పడుకొని ఉన్నారు. ఒకడి ముఖం మీద కెమెరా ఆగింది. దవడలు లోపలికి పోయాయి. పెదాలు పగిలాయి. తలకింద ఎవరిదో చెయ్యి ఉంది. ఆ చేతిని గుర్తుపట్టాను. బాపుది.

కింద అక్షరాలు పరుగెత్తుతున్నాయి. జీవితంలో మొదటిసారి అవి నాకు చదవరాలేదు.

ఇంటికి ఎట్లా వచ్చానో తెలియదు. మా ఆయన సాంచాల దగ్గర ఉన్నాడు. నేను నేరుగా పోయి సాంచాల మెయిన్ బంద్ చేశాను. పోగులు ఎక్కడివక్కడ ఆగాయి. ఆ ఇంట్లో కరెంటు ఉండగా అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఆయన నా ముఖం చూశాడు. ఏమైందని అడగలేదు. అడగకపోవడంతోనే నాకు అంతా అర్థమైంది.

"బాక్సు రిమోట్ దియ్యి."

బీరువా మీద చెయ్యి పెట్టి వెతకాల్సిన పని లేకుండా తీశాడు. ప్లాస్టిక్ కవరు లేదు దానికి. తెరవైపు సరిగ్గా చూడకుండానే ఒక మీట నొక్కాడు. వార్తలొచ్చాయి. ఆ మీట ఒకసారి నొక్కితే ఎంచిపెట్టిన చానళ్ళు మాత్రమే, ఇంకోసారి నొక్కితే అన్నీ. నా కోసం తెచ్చిన రిమోట్‌కు తమ్ముడు అన్ని మీటలూ నేర్పించి ఆ ఒక్కటీ నేర్పలేదు. నేను టెంటుకు పోయినప్పుడల్లా తల్లీకొడుకులు కూర్చొని వార్తలు చూశారు. నేను వచ్చే వేళకు మళ్ళీ నొక్కి సీరియల్ పెట్టుకున్నారు.

"వాడే జెప్పొద్దన్నడు" అన్నాడు మా ఆయన.

"వాడు జెప్పొద్దంటె? వాడు సస్తె గూడ జెప్పకపోదువా?"

అత్తమ్మ అడ్డం వచ్చింది. "నీ నెత్తి మీద ఒట్టు వెట్టిచ్చుకుంటివి గదనే కోడలా. ఒట్టు దప్పిండని నీకు దెలిస్తె నువ్వెక్కడ గుండె వగిలి సస్తవోనని వాడు ఏడ్సిండే. నా ముంగటనే ఏడ్సిండు. నీకు దెల్వకుంటె నీకు తగలదేమోనని నేనే అన్న."

అంటే టీవీ బిగించడానికి ముందే మాట్లాడుకున్నారు. నేను వంటింట్లో వాడికిష్టమని గారెలు కాలుస్తుంటే వీళ్ళు ముగ్గురూ కలిసి నన్ను కట్టిపడేసే పని చేశారు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మంట. నా అనుకున్న వాళ్ళందరూ ఒకవైపు, నేనొక్కదాన్నే ఒకవైపు. ఊరికి తెలుసు, టెంటుకు తెలుసు, ఆఖరికి బాపుకు తెలుసు. కేబులాయనను పట్టుకొని నోటికొచ్చినట్టు తిట్టొచ్చాను, ఆ మొత్తం ఊళ్ళో నన్ను మోసం చెయ్యనిది ఆయనొక్కడే.

బంద్‌తో బస్సుల్లేవు. ఏదో ఒక జీపు పట్టుకొని హైదరాబాదు పోతానంటే, ఆ సాయంత్రమే పోలీసులు పిల్లలందర్నీ ఎత్తుకుపోయి ఆసుపత్రిలో వేశారని వార్త వచ్చింది. సెలైన్లు ఎక్కించారు. బాపు ఫోన్‌లో "పానానికి ఏం బయంలేదు బిడ్డా" అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను. మా ఆయనతో, ఆయన తల్లితో మాటలు బంద్ చేశాను. సాంచాల ఇంట్లో మాట్లాడకపోతే పెద్ద తేడా తెలియదనుకుంటారు. బాగా తెలుస్తుంది.

వాణ్ని కోరుట్లకు తీసుకొచ్చాక పోయాను. బస్సులు మళ్ళీ మొదలయ్యాయి. కథలాపూర్ మీదుగా పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చొని, ఏమని తిట్టాలో వరస వేసుకున్నాను. తీరా చూస్తే వాడు మంచంలో గోడకు ఆనుకొని ఉన్నాడు, చొక్కా వేరేవాళ్ళది వేసుకున్నట్టుంది. వేసుకున్న వరసంతా మరిచిపోయాను. జావ కాచి ఇచ్చాను. తాగాడు.

"ఎందుకురా?" అన్నాను.

"తెలిస్తె నువ్వొచ్చి అందరి ముంగట చెవు వట్టి లేపుకపోదువు."

అది నిజమే.

"నువ్వు టెంట్ల గూసుంటె ఉద్యమం, నేను గూసుంటె తప్పానే అక్కా?"

"నేను పొద్దుగూకంగ ఇంటికి అస్తున్న గదరా."

వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. లోపల ముల్లులా ఉన్నది ఒకటే, అది అడిగాను. "ఒట్టు దప్పినవు, టీవీ బంద్ జేసినవు, సరే. తిన్ననని రోజూ కూరల పేర్లు సుత ఎట్ల జెప్పినవురా? ఆకలితోని పడుకోని గన్ని అబద్ధాలు ఎట్ల పుట్టినయి నీకు?"

వాడు గిన్నెలోకి చూశాడు. "నాకు పుట్టలేదక్కా. ఆకలైతున్నప్పుడు ఏ కూరా యాదికి రాదు. బావ జెప్పెటోడు. నీ ఫోన్ కంటె ముందు ఆయన ఫోన్ జేసి, మీ అక్క ఇయ్యాల గిది వండింది, గిదే జెప్పు అనెటోడు."

బీరకాయ, చింతచిగురు పప్పు, కోడిగుడ్డు పులుసు. అవన్నీ నేను వండినవే. ఆయన నా చేతి అన్నం తిని, చెయ్యి కడుక్కొని, బయటికి పోయి, ఆ కూర పేరు పస్తులున్న నా తమ్ముడికి అందించి వచ్చి, నా పక్కన కూర్చొని నేను ఫోన్ చేస్తుంటే విన్నాడు. నేను 'ఏం గూర' అని అడిగినప్పుడు ఆయన ముఖం ఎట్లా ఉందో ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రాలేదు. నేను ఎప్పుడూ ఆయన ముఖం చూడలేదు. చూడాల్సిన అవసరం ఉంటుందని అనుకోలేదు.

తమ్ముణ్ణి క్షమించాను. వాడు చిన్నవాడు, నేను పెంచినవాడు, వాణ్ని క్షమించకపోతే నాకే నిద్ర రాదు. మా ఆయనతో కూడా కొన్నాళ్ళకు మాటలు మొదలయ్యాయి. సంసారం అన్నాక ఉప్పు అయిపోయిందని చెప్పక తప్పదు, సాంచాలో పోగు తెగిందని చెప్పక తప్పదు. ఆయన ఆ తరవాత మళ్ళీ నా దగ్గర ఏదీ దాచలేదు, అది కూడా చెప్పాలి. ఎక్కడికి పోయినా చెప్పి పోయేవాడు, అడగనివి కూడా చెప్పేవాడు. నేను 'ఊ' అనేదాన్ని.

పార్లమెంటులో తెలంగాణ బిల్లు మీద ఓటింగు జరిగిన రోజు గల్లీలో సాంచాలన్నీ బంద్ పెట్టారు. అందరూ టీవీల ముందే. మేమూ కూర్చున్నాం. సభ లోపల గొడవగా ఉంది, అరుపులు, ఎవరేమంటున్నారో తెలియడం లేదు. ఉన్నట్టుండి ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. రిమోట్ మా ఆయన చేతిలో ఉంది.

నేను ఆయన వైపు తిరిగాను. ఆయన రిమోట్‌ను నేల మీద పెట్టి, రెండు చేతులూ ఎత్తాడు.

"నేను గాదు. నీ మీదొట్టు, నేను గాదు. ఢిల్లీల్నే ఆపిండ్రు."

నేను లేచి చెప్పులేసుకొని పక్కింటికి పోయాను. అక్కడా అంతే. దాని పక్కింట్లోనూ అంతే. దేశమంతటా ఆగిపోయిందని ఎవరో అంటున్నారు. కాసేపటికి గల్లీ చివర పటాకులు మొదలయ్యాయి. బిల్లు పాసైంది. ఆడవాళ్ళు రోడ్డు మీదికి ఉరికొచ్చి ఒకరినొకరు కావలించుకున్నారు. తమ్ముడు ఫోన్ చేసి, మాట రాక ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఎవరో నా ముఖమంతా గులాలు పూశారు.

తిరిగి వచ్చేసరికి మా ఆయన గడపలో కూర్చొని ఉన్నాడు. ఊరంతా బయట ఉంటే ఆయన అక్కడినుంచి కదల్లేదు. ముఖం మీద గులాలు లేదు. నన్ను చూసి లేచాడు.

"తెలంగాణ అచ్చింది. ఇప్పుడన్న నమ్మినవా?" అన్నాడు.

"వార్తను నమ్మిన" అన్నాను.